పాతబడే హక్కు ఎవరి కల్లుకి ఉంది?



ఈసారి మన అడవితో కాకుండా చాలా దూరంలో ఉన్న ఒక దీవితో మొదలుపెడతాను. చివరిదాకా చదవండి. దారి తిరిగి తిరిగి మన మన్యానికే వస్తుంది.

అట్లాంటిక్ సముద్రంలో, ఆఫ్రికా తీరానికి ఎదురుగా మదీరా అనే దీవి ఉంది. పోర్చుగల్ వాళ్లది. అక్కడ చేసే వైన్ పేరు కూడా మదీరానే. మామూలు వైన్ సీసా తెరిస్తే నాలుగు రోజుల్లో పాడైపోతుంది. ఇది అలా కాదు. ద్రాక్షరసం పులుస్తుండగానే 96 శాతం ఘాటున్న ద్రాక్ష స్పిరిట్ కలిపేస్తారు. పులియడం ఆగిపోతుంది, ఘాటు 17 నుంచి 22 శాతం మధ్య నిలుస్తుంది. తర్వాత పీపాల్లో పోసి ఏళ్ల తరబడి వేడికి వదిలేస్తారు. అంత వేడినీ గాలినీ తట్టుకున్నాక ఇక దాన్ని పాడుచేసేది పెద్దగా ఏమీ ఉండదు. నూరేళ్లయినా నిలబడుతుంది. పోర్చుగల్ పోర్ట్, స్పెయిన్ షెర్రీ కూడా ఈ జాతివే. వీటిని ఫోర్టిఫైడ్ వైన్లు అంటారు.

ఈ పాత సీసాల కోసం పడి చచ్చే బృందాలు ప్రపంచమంతా ఉన్నాయి. పది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. సీసాని ముందే నిలబెట్టి మడ్డిని అడుక్కి దిగనిస్తారు. బాగా పాతదైతే కొన్ని రోజుల ముందే మూత తీసి గాలి తగలనిస్తారు. తీపి తక్కువుండే సెర్షియల్‌తో మొదలుపెట్టి, వెర్దెల్యో, బోవల్ దాటి, చివర్న తీయటి మాల్వసియా దగ్గర ఆగుతారు. ఒక్కొక్కరికీ రెండు గుక్కలే. కాలిన బెల్లం అంటాడొకడు. అక్రోట్ అంటాడు ఇంకొకడు. నారింజ తొక్క, కాఫీ గింజ, తాతల నాటి చెక్కపెట్టె వాసన... ఇలా చెప్పుకుంటూ పోతారు. 1795 నాటి టెర్రాంటెజ్ రుచి చూసినవాళ్లు మన కాలంలో కూడా ఉన్నారు.

వాళ్ల రుచి మీద నాకు కోపం లేదు. నాలుకకి తెలివి ఉంటుందని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. జీలుగు కల్లు ఒక్క గుక్క తాగి, పొద్దున దించిందో సాయంత్రం దించిందో చెప్పే పెద్దోళ్లు మన ఊళ్లలో లేరా? ఇప్పసారా వాసన చూసి పువ్వు సరిగ్గా ఎండిందో లేదో చెప్పే అవ్వలు లేరా? ఉన్నారు. వాళ్ల నాలుకకి సర్టిఫికెట్ లేదు, అంతే.

నా గొడవ వేరే. ఆ బల్ల దగ్గర ద్రాక్ష రకం మాట్లాడతారు, సంవత్సరం మాట్లాడతారు, వేలంపాటలో ధర మాట్లాడతారు. ఈ సీసా పాతబడటానికి ఎవరు ఎంత కోల్పోయారో మాత్రం మాట్లాడరు.

మనం మాట్లాడదాం.

కొండ చెక్కింది ఎవరు?

మదీరా అంటే నిట్టనిలువు కొండలు. చదును నేల దాదాపు లేదు. కొండని మెట్లు మెట్లుగా చెక్కి, రాతి గోడలు కట్టి, మట్టి మోసి పోసి పొలాలు చేశారు. తడి ఉండే ఉత్తరం కొండల నుంచి ఎండిపోయే దక్షిణానికి నీళ్లు తేవడానికి కొండ అంచుల్లో కాలువలు తవ్వారు. వాటిని లెవాడాలు అంటారు. అన్నీ కలిపితే 2,000 కిలోమీటర్ల పైమాటే. ఇవాళ టూరిస్టులు వాటి గట్ల మీద నడిచి ఫొటోలు దిగుతారు. మొదట్లో వాటిని తవ్వినవాళ్లలో కానరీ దీవుల నుంచి, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలున్నారు. వైన్ కంటే ముందు ఆ దీవిలో నడిచింది చెరుకు. బానిసల చేత చెరుకు పండించే పద్ధతి అట్లాంటిక్ అవతలికి పాకకముందు అది గట్టిపడిన చోట్లలో మదీరా ఒకటి.

బానిసత్వం పోయాక రైతు సుఖపడ్డాడా? అదీ లేదు. అక్కడ కొలోనియా అనే కౌలు పద్ధతి ఉండేది. నేల దొరది. నేల మీద కట్టిన గోడ, నాటిన తీగ, వేసుకున్న ఇల్లు రైతువి. పంటలో సగం దొరకి. బాగా వినండి: కొండని పొలంగా మార్చింది రైతు, కానీ ఆ పొలం కింద ఉన్న నేల మాత్రం రైతుది కాదు. తరతరాలు ఇలాగే నడిచింది. 1974లో పోర్చుగల్‌లో నియంతృత్వం కూలిన తర్వాత, 1977లో గానీ ఆ పద్ధతిని చట్టం రద్దు చేయలేదు.

1977! మన అమ్మానాన్నల కాలం. అంటే 1920 అనో 1954 అనో రాసున్న పాత మదీరా సీసా ఇవాళ ఎవరైనా తెరిస్తే, అందులో సగం పంట దొరకి కొలిచి పోసిన కౌలురైతు చెమట ఉండే అవకాశమే ఎక్కువ. ఆ రసాన్ని మేకతోలు సంచుల్లో నింపి, భుజాల మీద వేసుకుని, కొండదారుల్లో ఫుంచాల్ రేవుకి మోసుకొచ్చిన మనుషులు కూడా ఉన్నారు. కాలిన బెల్లం వాసన పట్టిన ముక్కుకి తోలుసంచి వాసన ఎందుకు తగల్లేదు?

ఓడకి పేరుంది, మనిషికి లేదు

మదీరాని వేడి చేయడం ఎలా మొదలైందో తెలుసా? ఓడల్లో. పీపాలు ఓడ అడుగున ఉష్ణమండలం దాటి వెళ్లొస్తే రుచి పెరుగుతోందని వ్యాపారులు కనిపెట్టారు. అలా పోయి తిరిగొచ్చిన వైన్‌కి విన్యో ద రోడా అని ప్రత్యేకంగా పేరు, ఎక్కువ ధర. ఆ ఓడలు ఎక్కడికి పోయేవి? వెస్టిండీస్ చెరుకు తోటలకి. మన దేశానికి కూడా. ఈస్టిండియా కంపెనీ ఓడలు మదీరాలో ఆగి పీపాలు ఎక్కించుకుని మద్రాసు, కలకత్తా రేవులకి వచ్చేవి. మన నేల మీద శిస్తు లెక్కలు రాసిన తెల్లదొరల గ్లాసుల్లో ఉన్నది ఇదే.

అమెరికాలో చార్లెస్టన్, సవానా ఊళ్లలో 19వ శతాబ్దంలో మదీరా పార్టీలని ఒక ఆచారం నడిచేది. భోజనం అయ్యాక పెద్దమనుషులు పాత మదీరాలు వరసగా రుచి చూస్తూ, వాటి వంశచరిత్ర చెప్పుకునేవాళ్లు. ఆ వైన్లకి తెచ్చిన ఓడ పేరో, కొన్న కుటుంబం పేరో పెట్టుకునేవాళ్లు. వాళ్ల డబ్బు ఎక్కడిది? వరి, పత్తి తోటలది. ఆ తోటల్లో పని చేసింది నల్లజాతి బానిసలు. ఓడకి పేరుంది. యజమానికి పేరుంది. గ్లాసు నింపిన చేతికి పేరు లేదు.

ఇవాళ్టి పాత వైన్ల ప్రేమికులకి ఆ పార్టీలంటే ఎంతో ముచ్చట. ముచ్చటపడండి, కానీ సగం చరిత్ర మింగేసి మిగతా సగానికి సంస్కృతి అని పేరు పెట్టకండి.

ఒకరి అరుదు, ఇంకొకరి ఆకలి

1850కి ముందు మదీరాలు ఎందుకంత అరుదు? 1850ల మొదట్లో బూడిద తెగులు వచ్చి తీగలన్నీ మాడిపోయాయి. కోలుకుంటుండగానే 1872లో ఫిలోక్సెరా పురుగు వచ్చి వేళ్లు తినేసింది. సీసా దాచుకున్నవాడికి అది అరుదు అయింది. తీగ మీద బతికినవాడికి ఆకలి అయింది. తెగులుకి ముందే, 1840ల్లో బంగాళాదుంప పంట పోయి ఆ దీవిలో కరువు వచ్చింది. వేల మంది బ్రిటిష్ గయానా తోటలకి కూలీలుగా పోయారు. మొదటి జట్టు 1835లోనే వెళ్లింది.

ఇక్కడ ఆగండి. అదే గయానాకి 1838లో విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడల్లో మన దేశపు కూలీలు కూడా దిగారు. వాళ్లలో చాలామంది ఛోటానాగ్‌పూర్ కొండల వాళ్లు. కాగితాల మీద వాళ్ల పేరు 'హిల్ కూలీలు'. అంటే ఎవరు? ఆదివాసులు. మనవాళ్లు.

మదీరా కొండ రైతు, ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ ఒకే దేశంలో, ఒకే రకం చెరుకు తోటల్లో కత్తి పట్టారు. ఏ టేస్టింగ్ పుస్తకంలో ఉంది ఈ సంగతి?

తాగుడు మీద గుత్తాధిపత్యం, ఎదురు తిరిగితే ఉరి

పోర్ట్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1756లో పోర్చుగల్ మంత్రి పోంబాల్ డోరు లోయ వైన్‌ని ఒక కంపెనీ చేతిలో పెట్టాడు. పోర్టో ఊళ్లో సారా కొట్లకి వైన్ అమ్మే హక్కు కూడా ఆ కంపెనీదే అన్నాడు. 1757 ఫిబ్రవరిలో ఊరు తిరగబడింది. సైన్యం దిగింది. ఎంతోమందిని ఉరి తీశారు. ఇప్పుడు పోర్ట్ రుచి చూసేటప్పుడు 1756ని 'నాణ్యతకి పునాది వేసిన సంవత్సరం' అని పొగుడుతారు. 1757 ఊసు ఎప్పుడో గానీ రాదు.

మనకి ఈ కథ కొత్తా? 1879 మార్చి. రంప. మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా కల్లు గీసుకోకూడదంది. కల్లు హక్కు కాంట్రాక్టర్లకి కట్టబెట్టింది. మన్సబుదారు అప్పటికే చిగురు పన్ను పేరుతో పీల్చేస్తున్నాడు. మన చెట్టు, మన కత్తి, మన కుండ, పన్ను ఇంకొకడికి! కొండ లేచింది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. ఫితూరీ గొల్గొండ కొండలకి, భద్రాచలం వైపుకి పాకింది. అణచడానికి సైన్యాన్ని దింపారు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చింది. చెట్టు రాల్చిన పువ్వు ఏరుకుంటే నేరం!

అసలు పాయింట్

ఫ్రాస్కెయిరా అనే మేలురకం మదీరా కనీసం 20 ఏళ్లు పీపాలో ఉండాలి. అది వాళ్ల నియమం. మంచిదే. కానీ ఒక పానీయం 20 ఏళ్లు ఒకే చోట కదలకుండా ఉండాలంటే ఏం కావాలి? సొంత కప్పు కావాలి. దాని మీద పట్టా కావాలి. చట్టం కాపలా కాయాలి, తలుపు తన్నకూడదు. పాతదనం కాలం ఒక్కటే ఇచ్చేది కాదు. ఆస్తి, లైసెన్సు, అధికారం కలిస్తేనే అది వస్తుంది.

మన కుండకి 20 రోజులు ఇచ్చారా? ఖాకీ జీపు దిగిందంటే ముందు పగిలేది కుండే. ఇప్పపువ్వు ఊరబెట్టిన కుండ పగలగొట్టి, ముసలమ్మ మీద కేసు రాసి, పోతూ పోతూ 'మీవి నాటు బతుకులు' అనేవాళ్లని మనం చూశాం. నేను చదివిన కాలేజీలో ఒక సారు క్లాసులోనే 'మీ వాళ్లకి సారా తప్ప చరిత్రేముంది' అన్నాడు. అదే మనిషి, దొరలు నూరేళ్ల సారా తాగితే దాన్ని నాగరికత అంటాడు.

వాళ్లది వింటేజ్. మనది నాటు. రెండు మాటల మధ్య ఉన్న తేడా రుచిది కాదు మిత్రులారా, రాజ్యానిది.

రెండు అభ్యంతరాలు

'నువ్వు తాగుడుని సమర్థిస్తున్నావా?' అని అడుగుతారు. లేదు. సారా ఇళ్లు కూల్చింది మన ఊళ్లలోనూ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమానికి నేను దండం పెడతాను. వాళ్లు కొట్టింది కాంట్రాక్టర్ సారాని, దాని మీద బతికే ఖజానాని. ఊళ్లో తాగుడు ఉండాలో వద్దో, ఎంత ఉండాలో తేల్చాల్సింది ఆ ఊరు. 1996 పెసా చట్టం మత్తు పానీయాల నిషేధం, నియంత్రణ అధికారం గ్రామసభకి ఇమ్మంది. జీపుకి కాదు, కాంట్రాక్టర్‌కి కాదు.

'పాపం వాళ్లేదో సరదాగా రుచి చూసుకుంటుంటే నీకెందుకు?' అనేవాళ్లు రెండో రకం. సరదాని నేను ఆపట్లేదు. మట్టి గురించి గంటసేపు మాట్లాడగలిగినవాడు, ఆ మట్టి మోసినవాడి గురించి ఐదు నిమిషాలు మాట్లాడలేడా? అలా మాట్లాడితే వైన్ చేదెక్కదు. పూర్తిగా అర్థమవుతుంది.

మన పని

ఇప్పుడు ఇప్పకి కూడా మంచి రోజులొచ్చాయంటున్నారు. 2022లో మధ్యప్రదేశ్ ఇప్పసారాని 'హెరిటేజ్ లిక్కర్' చేసింది. రేపు మన దగ్గరా వస్తుంది. అందమైన సీసా, అడవి బొమ్మ, పెద్ద హోటల్లో పది మంది బల్ల చుట్టూ కూర్చుని 'తేనె, పొగ, ఎండిన పండు' అంటారు. సంతోషపడే ముందు అడగండి: చెట్టు ఎవరి పేరు మీద ఉంది? పువ్వు ఏరిన అక్కకి కిలోకి ఎంత? లైసెన్సు గ్రామసభదా, కంపెనీదా? పాత కేసులు ఎత్తేశారా? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే అది మనకి ఇంకో కొలోనియా. నేల వాళ్లది, చెమట మనది, పేరు సీసాది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊళ్లో పెద్దోళ్ల దగ్గర కూర్చోండి. ఏ చెట్టు ఎవరిది, ఎప్పుడు గీసేవాళ్లు, ఏ పండక్కి ఎంత, ఏ సంవత్సరం ఎవరి కుండ పగిలింది, ఎవరి మీద కేసు పడింది, రాసి పెట్టుకోండి. తేదీలతో రాయండి. పేర్లతో రాయండి. వాళ్లు ఓడ పేరు రాసుకున్నారు కదా, మనం మన అవ్వ పేరు రాసుకుందాం. గ్రామసభలో తీర్మానం పెట్టేటప్పుడు ఆ కాగితమే మన చేతిలో ఉండాలి.

జోహార్ రంప వీరులకి.