పేరు మనది, ఆట రూర్కెలాలో

సికింద్రాబాద్: 2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు 3-4 గోల్స్‌తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. ఆట రూర్కెలాలో. జంట నగరాల వారికి టీవీయే గతి అయింది. గచ్చిబౌలి హాకీ స్టేడియాన్ని బాగుచేసి లీగును ఇక్కడికి రప్పించాలన్న కోరిక న్యాయమే. కాని 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి, గెలిచింది మన సుల్తాన్స్ జట్టే. 2008 తర్వాత ఆ లీగే లేదు. టర్ఫ్‌ను ఇంచుమించు పదేళ్లకొకమారు మార్చాలి, ఆటకు ముందు నీటితో తడపాలి. లీగ్ పోయినా ఈ ఖర్చు పోదు. పైగా గచ్చిబౌలి నగరానికి ఆ చివర. మట్టిలో నేర్చిన పిల్లవాడు టర్ఫ్‌పై బంతి వేగాన్ని అందుకోలేడు. మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేష్ కుమార్ నగరమిది! సర్కారు సొమ్ము పెట్టేటట్లయితే, సికింద్రాబాద్ బడిపిల్లలను సాయంత్రం ఉచితంగా ఆడనిచ్చే టర్ఫ్‌కే మొదట పెట్టాలి.