ప్యాచ్ వేస్తే పోయే బగ్ కాదిది

కడుపునొప్పి అనగానే మన ఐటీ జనాలందరిదీ ఒకటే మాట: "గ్యాస్ ట్రబుల్ బాస్, బయట తిండి తగ్గించు". చాలాసార్లు అది నిజమే. కానీ కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పదే పదే వస్తూ, మధ్యమధ్యలో జ్వరమో పచ్చకామెర్లో కనిపిస్తుంటే మాత్రం యాంటాసిడ్లతోనో, పసరు మందుతోనో సరిపెట్టుకోవద్దు. కోలిడోకల్ సిస్ట్ అనే జబ్బొకటి ఉంది.

లివర్ నుంచి పేగులోకి పైత్యరసాన్ని తీసుకెళ్ళే గొట్టం తిత్తిలా ఉబ్బిపోవడమే ఇది. పిల్లల జబ్బని పేరేగానీ పెద్దయ్యాక బయటపడే కేసులూ ఉంటాయి. ఆసియా వాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. నొప్పి, కామెర్లు, చేతికి తగిలే గడ్డ... ఈ మూడూ కలిసి రావడం పెద్దవాళ్ళలో అరుదు. అందుకే గాల్ బ్లాడర్ రాళ్ళనుకుని పొరబడే అవకాశం ఉంది. అల్ట్రాసౌండ్ లో నాళం వెడల్పుగా ఉందంటే, ఎమ్మార్సీపీ స్కాన్ గురించి అడగండి. నాళాల మ్యాప్ మొత్తం అందులో కనిపిస్తుంది. 1977లో జపాన్ సర్జన్ తోడాని చెప్పిన ఐదు రకాల్లో ఇది ఏదో తేలితేనే ఆపరేషన్ ఏంటో తేలుతుంది.

ఇక అసలు సంగతి. ఒకప్పుడు తిత్తిని అలాగే ఉంచేసి దాన్ని పేగుకి కలిపేసేవారు. మన భాషలో వర్కరౌండ్ అన్నమాట. కామెర్లు తగ్గాయి, టికెట్ క్లోజ్! కానీ బగ్ లోపలే ఉంది. చాలామందిలో పాంక్రియాస్ నాళం ఉండాల్సిన చోటుకన్నా ముందే పైత్యనాళంతో కలుస్తుంది. ఆ రసం పైకి ఎగదన్ని తిత్తి గోడని ఏళ్ళ తరబడి దెబ్బతీస్తుంది. చివరికి అక్కడే కేన్సర్ రావొచ్చు. వయసుతోపాటు ఆ రిస్కూ పెరుగుతుంది.

అందుకే ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఒకటో, నాలుగో రకాలకి లివర్ బయటున్న తిత్తినీ, గాల్ బ్లాడర్నీ తీసేసి, పై నాళాన్ని చిన్నపేగుకి కుడతారు. మూడో రకానికి చాలావరకు ఎండోస్కోపీ సరిపోతుంది. ఐదో రకం ముదిరితే లివర్లో కొంత భాగం తీయడమో, లివర్ మార్పిడో తప్పకపోవచ్చు.

"ఇప్పుడు నొప్పి లేదుగా, తర్వాత చూద్దాంలే" అనే వాదనతోనే నా పేచీ. ఆపరేషన్ పెద్దదే, కాదనను. అందుకే ఇలాంటివి తరచూ చేసే సర్జన్ ని వెతుక్కోండి. కానీ ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చేయించుకోవాలి. ఆ తర్వాత కూడా కుట్టు దగ్గర నాళం సన్నబడొచ్చు, కేన్సర్ రిస్కు తగ్గుతుందేగానీ సున్నా అవదు. కాబట్టి చెకప్పులు జీవితాంతం ఉండాల్సిందే. ప్రొడక్షన్ లోకి వెళ్ళిందని మానిటరింగ్ ఆపేస్తామా ఏంటి?

మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటి ఆపరేషన్ అయ్యుంటే, ఆ పాత కాగితాలు బయటకి తీసి డాక్టర్ కి చూపించండి. తిత్తి తీసేశారా, ఉంచి కలిపేశారా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.