సముద్రానికి సున్నం చల్లేవారు లేరు

గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు దాకా ఉన్న ఆక్వా రైతు సోదరులకు, మత్స్యకార కుటుంబాలకు, తీర గ్రామాల పెద్దలకు, బడి పంతుళ్లకు నమస్కరించి చేస్తున్న విన్నపం.

రొయ్యల చెరువు ఉన్నవారికి పీహెచ్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే నీళ్లు పట్టి చూసుకుంటారు. అంకె పడిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. సున్నం బస్తాలు తెప్పించి చల్లుతారు. నీటి గుణం తప్పితే రొయ్య పెంకు గట్టిపడదని, మెత్తబడ్డ రొయ్యకు ధర రాదని మీకు అనుభవమే నేర్పింది.

ఇప్పుడు సముద్రానికి పట్టుకున్న జబ్బూ అదే. కర్మాగారాలు రాకముందు సముద్రపు పైనీటి పీహెచ్ సగటున 8.2. ఇప్పుడు దాదాపు 8.1. చూడటానికి చిన్న తేడాయే. కానీ పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలవుతుంది. ఆ లెక్కన ఈ కాస్త తేడాకే ఆమ్లత సుమారు 30 శాతం పెరిగింది. సముద్రం ఇంకా క్షార గుణంతోనే ఉంది, నడక మాత్రం ఆమ్లం వైపు.

దీనికి మూలం బొగ్గు, పెట్రోలు, డీజిలు పొగ. మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగోవంతును సముద్రమే మింగుతోంది. అది నీళ్లలో కరిగి కార్బోనిక్ ఆమ్లంగా మారి, ప్రాణులు గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేటును తగ్గించేస్తోంది.

గుల్ల అంటే సున్నమే. కాకినాడ అఖాతంలో ఏరిన గుల్లల్ని బట్టీల్లో కాల్చి సున్నం తీసిన ప్రాంతం మనది. ఆల్చిప్ప, నత్త, పగడం ఆ సున్నాన్ని నీళ్లలోంచి రవ్వ రవ్వగా కూడగట్టుకుంటాయి. నీళ్లలో ఆమ్లత పెరిగేకొద్దీ ఆ పని కష్టమవుతుంది. అన్నిటికంటే ముందు నష్టపోయేది అప్పుడే పుట్టిన పిల్ల. 2007 ప్రాంతంలో అమెరికాలోని ఓరెగాన్ తీరపు హేచరీల్లో ఆల్చిప్ప పిల్లలు కోట్లలో చచ్చిపోయాయి. మొదట రోగమనుకున్నారు. లోతుల్లోంచి పైకి వచ్చిన, ఆమ్లత పెరిగిన నీళ్లే కారణమని తర్వాత తేలింది. తొట్టెల్లో సోడా కలిపి హేచరీలు నిలదొక్కుకున్నాయి. తొట్టెకు వైద్యం ఉంది, చెరువుకు వైద్యం ఉంది. సముద్రానికి సున్నం చల్లగలవాడు ఎవడూ లేడు.

మన బంగాళాఖాతం కూడా ఇందుకు మినహాయింపు కాదు. తీరపు నీటిలో పీహెచ్ తగ్గడాన్ని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. శీతకాలపు గాలులు నేల మీది కాలుష్యాన్ని మోసుకొచ్చి సముద్రంలో దించడం కూడా ఒక కారణమని చెప్పారు. దీనికి తోడు మన కాలువలు మోసుకెళ్లేవి ఉన్నాయి: మిగిలిపోయిన మేత, ఎరువు, ఊరి మురుగు. వాటిని తిని నాచు విపరీతంగా పెరుగుతుంది. చచ్చి కుళ్లినప్పుడు ప్రాణవాయువును లాగేసి, మళ్లీ అదే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. చెరువు అడుగు నల్లబడితే ఏమవుతుందో మీకు తెలుసు. తీరంలోనూ అదే జరుగుతుంది.

పొగను దేశాలన్నీ కలిసి తగ్గించాలి. కాలువ మాత్రం మన చేతిలో ఉంది.

రైతు సోదరులారా, చెక్ ట్రే చూసి మేత వేయండి. పట్టుబడి అయ్యాక నీళ్లను నేరుగా కాలువకు వదలకండి. ఒక గుంటలో నిలవబెట్టి, మడ్డి దిగాకే పంపండి. వీలున్నచోట ఏరేటర్లను సౌర విద్యుత్తుతో నడపండి.

గ్రామ పెద్దలారా, మురుగు ఏట్లో కలవకుండా చూడండి. కోరింగ మడ అడవిలోనే కాదు, మీ ఊరి పాయ ఒడ్డున నాలుగు మడ చెట్లున్నా నరకనివ్వకండి. మడ అడవి కార్బన్‌ను బురదలో దాచిపెడుతుంది. రొయ్య పిల్లకు, పీతకు దాని వేళ్ల మధ్యే నీడ.

పంతుళ్లారా, ఒక గవ్వను వెనిగర్‌లో వేసి పిల్లలకు చూపించండి. బుడగలు లేస్తాయి. సముద్రంలో ఇంత వేగంగా, ఇంత ఘాటుగా జరగదని చెబుతూనే, ఏ దిక్కుకు పోతున్నామో వివరించండి.

మత్స్యకార అన్నదమ్ములు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వలలు ఒడ్డున పెట్టి, చేప గుడ్లు పెట్టుకునే వ్యవధి ఇస్తున్నారు. పస్తులకు ఓర్చి వాళ్లు కాపాడిన చేప పిల్లలు బతకాల్సింది మనం వదిలిన నీళ్లలోనే. ఈసారి తూము ఎత్తే ముందు ఆ మాట గుర్తు చేసుకోండని చేతులు జోడించి అడుగుతున్నాను.