డిజైన్ ఎవరి కులవృత్తి?

నెల్లూరులో మైపాడు గేటు దాటి తూర్పుకు సాగే రోడ్డు సుమారు పాతిక కిలోమీటర్లు నడిచి సముద్రం ముందు ఆగిపోతుంది. దారిలో వరిచేలు, ఆ తరువాత రొయ్యల గుంటలు, చివరకు ఇసుక, పట్టపు వాళ్ల పల్లెలు. పట్టపు కులం రాష్ట్ర జాబితాలో బీసీ–ఎ వర్గానికి చెందిన మత్స్యకార కులం. ఆ పల్లెల్లో ఒకదాని నుంచి నా పూర్వ విద్యార్థి తమ్ముడొకడు ఈ వేసవిలో లాప్‌టాప్ సంచితో మా ఇంటికి వచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డుకెక్కి, వలలు బాగుపడే కాలం. అతడు ఒక నగరంలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నాడు. యానిమేషన్, అక్షర రూపకల్పన, త్రీడీ మోడలింగ్ ఆ చదువులో ముఖ్య భాగాలు. అతడి పేరుగానీ, చదివే సంస్థ పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. అతడికి జరిగింది ఒక్క సంస్థలోనే జరిగేది కాదు.

నాకు రెండు పనులు చూపించాడు. మొదటిది తండ్రి నడిపే ఫైబర్ బోటు త్రీడీ నమూనా. అంచుల దగ్గర రాపిడికి లేచిన రంగు, ఇంజను పక్కన నూనె మరక, వల అంచున బెండ్లు, పక్క మీద సగం చెరిగిన రిజిస్ట్రేషన్ నంబరు, అన్నీ ఉన్నాయి. రెండవది ఇంకా పూర్తికాని యానిమేషన్. ఒడ్డున చీకట్లో నిలబడ్డ పిల్లలు, దక్షిణాన ఆకాశంలోకి లేస్తున్న ఒక వెలుగు గీత. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రాత్రి అది. ఆ తీరంలో పెరిగిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన దృశ్యమే. ప్రయోగం ఉన్న రోజున ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పోవద్దని మత్స్యకారులకు హెచ్చరిక వస్తుంది. రాకెట్ వాళ్ల బతుకుకు దూరపు వస్తువేమీ కాదు.

సంవత్సరాంత ప్రాజెక్టుకు అతడు రాకెట్టును ఎంచుకున్నాడు. మూల్యాంకనానికి కూర్చున్నవారు బోటును చూసి మురిసిపోయారు, రాకెట్టును చూసి పెదవి విరిచారు. మీ వాళ్ల దగ్గర ఇంత గొప్ప సంప్రదాయం ఉండగా ఇదెందుకు, వల అల్లిక మీద చెయ్యి, అందులో నీ సొంత గొంతు పలుకుతుంది అన్నారట. అదే తరగతిలో నగర విద్యార్థి ఒకడు అంగారక గ్రహం మీద వలస కాలనీ నిర్మించాడు. మీ తాతగారు ఏం చేసేవారని అతణ్ని ఎవరూ అడగలేదు.

నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కథంతా వినకముందే, రెండు ఫైళ్లూ చూసి, "బోటే బాగుంది కదయ్యా, దాన్నే పెంచరాదూ" అన్నాను. అతడు నవ్వి "మీరు గూడా అదే అంటిరే సార్" అన్నాడు. కులం మీద ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి ఆ నవ్వు చాలు.

ఈ కుర్రవాడు డిజైన్ మొదట నేర్చింది కళాశాలలో కాదు, నెల్లూరులో ఒక ఫ్లెక్సీ షాపులో. ఇంటర్ తరువాత ఏడాదిన్నర అక్కడ పనిచేశాడు. ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు అతడి తొలి పాఠ్యపుస్తకాలు. మన జిల్లా కేంద్రాల్లో, మండల కేంద్రాల్లో బీసీ, దళిత యువకులు గ్రాఫిక్స్ నేర్చుకుంటున్నది ప్రధానంగా ఇటువంటి షాపుల్లోనే. గోడల మీద అక్షరాలు రాసిన పెయింటర్ల పొట్టకొట్టి వచ్చిన ఈ ఫ్లెక్సీ యంత్రమే మరో తరానికి గురువైంది. పట్టాలు ఇవ్వని పాఠశాలలివి. ఏ గణాంకంలోనూ ఇవి విద్యాసంస్థలుగా నమోదు కావు.

అక్కడ ఏం నేర్చుకుంటారు? నాయకుడి తల ఎంత ఉండాలో నేర్చుకుంటారు. పై వరుసలో ఎవరు, వారి కుడివైపు ఎవరు, కుల సంఘం ఫ్లెక్సీ అయితే ఏ మహనీయుడి బొమ్మ ఏ మూల రావాలి, కింద తపాలా బిళ్లంత ముఖాలతో నిలబడే యువకుల్లో ఎవరి తరువాత ఎవరు, ఇవన్నీ కచ్చితమైన లెక్కలు. ఒక ముఖం అరంగుళం తగ్గిందని అర్ధరాత్రి మళ్లీ ముద్రించిన సందర్భాలు అతడు చెప్పాడు. తరువాత కళాశాలలో టైపోగ్రఫీ పాఠం మొదలైనప్పుడు ఉపాధ్యాయుడు బోర్డు మీద మొదట రాసిన మాట 'హైరార్కీ'. శీర్షిక పెద్దది, ఉపశీర్షిక దానికన్నా చిన్నది, వివరం ఇంకా చిన్నది. చూసేవాడి కన్ను పై నుంచి కిందికి దిగాలి. తరగతిలో తక్కినవారికి అది కొత్త పాఠం. ఇతడికి మాత్రం పాతదే. పుట్టుకతో సగం, ఫ్లెక్సీ షాపులో సగం తెలిసినదే.

మన దేశంలో ఆధునిక డిజైన్ విద్య పుట్టుకలోనే ఒక చూపు లోపం ఉంది. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక పునాదిగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆ నివేదికలో అందరూ తలచుకునే భాగం లోటాను గురించినది. నిండుగా ఉన్నప్పుడు బరువు ఎలా నిలుస్తుంది, తలమీద, నడుము మీద ఎలా మోస్తారు, నీరు వంపితే ఎలా జారుతుంది, చేతికి ఎలా తగులుతుంది అని వాళ్లు వరుసగా ప్రశ్నలు వేసుకున్నారు. తరతరాల అనుభవం చెక్కిన వస్తువని మెచ్చుకున్నారు. ఆ లోటాను ఎవరు తాకితే మైలపడుతుందన్న ప్రశ్న మాత్రం ఆ వరుసలో లేదు. అతిథులు అడగకపోవచ్చు. ఇంటివాళ్లు కూడా అడగలేదన్నదే అసలు విషయం. లోటా చేసిన కంచరి, కుండ చేసిన కుమ్మరి హస్తకళాకారులయ్యారు. దాన్ని వర్ణించగలిగినవారు డిజైనర్లయ్యారు. ఇప్పటికీ డిజైన్ విద్యార్థులు పల్లెకు వెళ్లి చేతిపనిని నమోదు చేసి రావడం పాఠ్యప్రణాళికలో భాగం. నమోదు చేసినవాడికి మార్కులు వస్తాయి. చేతిపని చేసినవాడి కొడుకు ఆ తరగతికే వస్తే, అతణ్ని మళ్లీ నమోదు కావలసిన వస్తువుగానే చూస్తారు. శ్రమ విభజనకూ శ్రామికుల విభజనకూ ఉన్న తేడాను అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చూపించారు. డిజైన్ తరగతి గదిలో ఆ తేడా కళ్లకు కడుతుంది.

తోలుబొమ్మలాటనే చూడండి. కీళ్లు విడివిడిగా కదిలే బొమ్మ, వెనక దీపం, ముందు తెర. యానిమేషన్ మూలసూత్రాలు అందులో ఎన్నో ఉన్నాయి. జర్మనీలో లోట్టే రైనిగర్ నల్లని కాగితపు బొమ్మలను కత్తిరించి, ఫ్రేము ఫ్రేముకూ జరిపి 1926లో పూర్తినిడివి చిత్రం తీసింది. ఆమె పేరు ప్రపంచ యానిమేషన్ చరిత్రలో మొదటి అధ్యాయాల్లో ఉంటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే. కానీ ఆయన కళ మన పాఠ్యపుస్తకాల్లో జానపద కళల అధ్యాయంలో ఉంటుంది, యానిమేషన్ అధ్యాయంలో ఉండదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. తన సమాజం అనుభవాన్ని బొమ్మకట్టడం తప్పా? కానే కాదు. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేడ్కర్ జీవితాన్ని చిత్రకథగా చెప్పింది. బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ ప్రధాన్ గోండు కళాకారులు. వాళ్లు కామిక్స్ పుస్తకంలోని గళ్లను అంగీకరించలేదు. మృదువైన మాటకు పక్షి ఆకారం, విషపు మాటకు తేలు కొండి తగిలించి మాటల బుడగలను మార్చేశారు. సంప్రదాయాన్ని ప్రదర్శనకు పెట్టలేదు, కొత్త మాధ్యమాన్ని తమ దారికి వంచారు. మన తెలుగువాడు ఉన్నమతి శ్యామసుందర్ తన పుస్తకంలో 1932 నుంచి 1956 దాకా అంబేడ్కర్ మీద వచ్చిన కార్టూన్లను వెలికితీసి, ఆ గీతల్లోని కులాన్ని చదివి చూపించాడు. ఈ రెండు సందర్భాల్లోనూ వస్తువును ఎంచుకున్నది కళాకారుడే. మైపాడు యువకుడికి ఆ ఎంపిక దక్కలేదు. వల అల్లమని తండ్రి చెబితే కులవృత్తి అంటాం. వల అల్లికను యానిమేషన్ చెయ్యమని పరీక్షకుడు చెబితే సొంత గొంతు అంటున్నాం. ఆ తీరంలో రాకెట్ కథకు కూడా కులమూ తెగా ఉన్నాయి. 1969లో శ్రీహరికోటను ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేసిన తరువాత ఆ దీవి నుంచి కదిలిపోవలసి వచ్చినవారిలో యానాదులు ఉన్నారు. ఆ మాట పరీక్షకులకు తోచలేదు.

అక్షరాల సంగతికి వస్తాను. అతడి మరో అభిరుచి తెలుగు ఖతులు. గూగుల్ ఫాంట్లలో దొరికే తెలుగు ఖతుల పేర్లు చదవండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, మండలి, ఎన్టీఆర్. ఉచితంగా అందిన ఈ ఖతులు తెలుగుకు చేసిన మేలు చిన్నది కాదు. ఈ వ్యాసకర్తా వాటిని వాడుతున్నాడు. అయినా ఆ వరుసలో జాషువా లేడు. అక్షరం నిషేధించబడిన కులాల నుంచి వచ్చి అక్షరంతోనే తలపడ్డ మహాకవి పేరు ఒక అక్షర రూపానికి పెట్టాలని ఎవరికీ తోచకపోవడం కుట్ర కాదు, అలవాటు. కుట్రను బయటపెట్టవచ్చు. అలవాటును మార్చడం అంతకన్నా కష్టం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లు కుప్పకూలిన వార్త కొందరికి గుర్తుండవచ్చు. జ్ఞానంలోని తొలి అక్షరమే దొరికిందా అని అప్పట్లో నవ్వుకున్నాం. ఒత్తులూ గుణింతాలూ చేతివేళ్లకు తెలిసినవాళ్లు ఆ బల్లల దగ్గర ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న నవ్వు తరువాత వేసుకోవలసింది.

అక్షరమూ బొమ్మా కలిస్తే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు. 1990 దశకం ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సారా మీద ఒక పాఠం చదివిన దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. డిజైన్ అంటే కంపెనీ లోగో మాత్రమే అనుకునేవారు ఆ వాచకాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఇప్పుడు ఈ రంగంలోకి డబ్బు వస్తోంది. 2022–23 కేంద్ర బడ్జెట్‌లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగం కోసం ప్రత్యేక కార్యదళాన్ని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌కు 2015లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. సీట్లున్నాయి, జాతీయ సంస్థల్లో రిజర్వేషన్లూ ఉన్నాయి. అయితే తలుపు దగ్గరే వడపోత. ఐఐటీల్లో డిజైన్ ప్రవేశానికి జరిగే యూసీడ్ ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. అది కొలిచేది పరిశీలన, ఊహ, డిజైన్ పట్ల సున్నితత్వం అంటారు. మ్యూజియం చూసిన కన్నుకూ, బొమ్మల పుస్తకాల మధ్య పెరిగిన బాల్యానికీ ఆ సున్నితత్వం ముందే అబ్బుతుంది. తక్కింది నగరాల్లోని శిక్షణ కేంద్రాలు అమ్ముతాయి. గణితంలో వెనకబడ్డ పిల్లవాణ్ని తయారీ చాలలేదంటాం. డిజైన్‌లో వెనకబడితే సృజన లేదంటాం. రెండవ మాట ఎక్కువ క్రూరమైనది, ఎందుకంటే అది మనిషి లోపలే లోటు ఉందంటుంది.

ప్రవేశం దొరకనివారు వెళ్లేది ప్రైవేటు యానిమేషన్ అకాడమీలకు. 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ ప్రత్యేక ప్రవేశాలకు వీలు కల్పించింది కానీ, విశ్వవిద్యాలయ గుర్తింపే లేని అకాడమీ దగ్గర ఆ హక్కు ఎవరిని అడగాలి? అటువంటి డిప్లొమాలకు ఫీజు రీయింబర్స్‌మెంటు అందదు. ఆపైన త్రీడీ పనికి తగిన గ్రాఫిక్ కార్డున్న కంప్యూటర్ కొనాలి. ఇతడి లాప్‌టాప్ మూడేళ్లనాటిది, అప్పుచేసి కొన్నది. సాఫ్ట్‌వేర్ మాత్రం అడ్డు కాదు. బ్లెండర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లాత్వియాలో దానితో తీసిన 'ఫ్లో' 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. చిన్న దేశం, చిన్న బృందం. ఈ ఉదాహరణను మన ప్రభుత్వాలు ఉపన్యాసాల్లో వాడుకుంటాయి. అంతకన్నా బీసీ, ఎస్సీ, ఎస్టీ వసతిగృహాల్లో పది మంచి కంప్యూటర్లున్న గది ఒక్కటి తెరిచి, రాత్రి పదింటి దాకా తాళం వేయకుండా ఉంచితే మేలు. తీరమండలాల గురుకులాల్లో చిత్రలేఖనం బోధించే ఉపాధ్యాయుణ్ని నియమించడం దానికన్నా ముందు జరగవలసిన పని. డిజైన్ కోర్సుల మూల్యాంకన బృందాల్లో చేతివృత్తుల కులాల నుంచి వచ్చిన నిపుణులు ఉండాలనడం కూడా గొంతెమ్మ కోరిక కాదు. బోటు ఎలా నీటిలోకి దిగుతుందో తెలిసిన మనిషి ఆ బల్ల వెనక ఉండి ఉంటే, రాకెట్ ఎందుకని అడిగి ఉండేవాడు కాదు.

అతడు వల అల్లిక మీద ప్రాజెక్టు చేసి మార్కులు తెచ్చుకున్నాడు. దాని గురించి నాకు ఎక్కువ చెప్పలేదు. సెలవుల్లో తండ్రి బోటు మీద ఉప్పునీటికి చెరిగిన నంబరును తనే మళ్లీ రాశాడు. ఆ అంకెల ఫొటో పంపాడు. ఏడు అంకె తోక కొంచెం పొడుగ్గా ఉంది. దూరం నుంచి గస్తీ వాళ్లకు ఒకటిలాగా కనబడకూడదని అలా రాశానన్నాడు.

జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం ముగిసింది. బోట్లు వెళ్లాయి. రాకెట్ చిత్రం నిడివి ఒక నిమిషం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 1,440 ఫ్రేములు. అతడి లాప్‌టాప్ ఒక్కో ఫ్రేముకు పది నిమిషాలు తీసుకుంటోంది. అంటే 240 గంటలు. మొన్న ఫోనులో ఎంతవరకు వచ్చిందని అడిగితే, "కరెంటు పోకుంటే పది దినాలు సార్, మా ఊళ్లో గదా, పదైదు అనుకోండి" అన్నాడు.