సిరాకలము

మనుమనికి కలము కొనుటకై అంగడికేగిన వృద్ధుడొకడు బాలుపెన్నుల కట్టలను ప్రక్కకు నెట్టి, వెనుకనున్న చౌక సిరాకలమును అడిగి తీసికొనును. మూత విప్పి, పాళీని వెలుతురునకు పట్టి చూచును. పిమ్మట “ఇట్టిదే మరియొకటి ఇమ్ము” అనును. ఆ రెండవది మనుమనికి కాదు, తనకే.

ఇట్టి దృశ్యము నేడు అరుదే కాని అసంభవము కాదు. ఏండ్ల తరువాత సిరాకలము చేతబట్టిన పెద్దల ముఖమున కానవచ్చు సంతోషమునకు కారణమేమి? అది గడచిన బాల్యముపై మమకారము మాత్రమే యనుకొనుట పొరపాటు. ఆ సంతోషమునకు ఆ వస్తువునందే హేతువు కలదు. దానిని అనుభవించు హక్కు వృద్ధులకంటె విద్యార్థులకే హెచ్చు.

సిరాకలము చూచుటకు సామాన్యమైనది; దానియందలి నేర్పు సామాన్యమైనది కాదు. పాళీ నడుమ సన్నని చీలికయు, పాళీ క్రింద నాలుకయు నుండును. నాలుకపై వెండ్రుకవంటి గాడులుండును. దీపపు వత్తి నూనెను పీల్చుకొనునట్లే ఈ గాడులును చీలికయు సిరాను పాళీమొనకు చేర్చును. దీనికే కేశనాళికా ధర్మమని పేరు. బయటికి వచ్చిన సిరాకు బదులుగా గాలి లోనికి పోవలెను. గాలి పోనిచో వ్రాత ఆగిపోవును. మితిమీరి పోయినచో సిరా బొట్లుగా రాలును. ఈ రెంటికిని సమతూకము కుదుర్చుట చిరకాలము కష్టముగా నుండెను. న్యూయార్కు నగరమున లూయిస్ వాటర్‌మన్ గాడులుగల నాలుకను అమర్చి 1884లో పేటెంటు పొందెను. ధనికుని జేబులోని బంగారు పాళీ కలమైనను, బాలుని సంచిలోని ఉక్కు పాళీ కలమైనను నేటికిని పనిచేయునది ఆ ధర్మముచేతనే.

ఈ కలముతో తెలుగునాటికి గాఢమైన సంబంధము కలదు. స్వదేశీ ఉద్యమకాలమున రాజమహేంద్రవరమునందు కోసూరి వెంకటరత్నముగారు 1932లో రత్నం పెన్ వర్క్స్ స్థాపించిరి. వారు చేసిన స్వదేశీ కలము జె. సి. కుమారప్పగారి ద్వారా మహాత్మునికి అందెను. మహాత్ముడు దానితో వ్రాసి చూచి, విదేశ కలములకు బదులుగా వాడదగినదని మెచ్చుకొనుచు 1935లో రత్నముగారికి లేఖ వ్రాసెను. రబ్బరును గంధకముతో కలిపి కాచి గట్టిపరచిన ఎబొనైటు కడ్డీని తరిమెనపై పట్టి కలముగా మలచు పనితనము ఆ నగరమున తరములుగా సాగినది. గోదావరి యొడ్డున ఒక శిల్పి చేతిలో రూపుదాల్చిన చిన్న వస్తువు ఒక జాతి ఆత్మగౌరవమునకు గుర్తైనదన్నమాట.

బాలుపెన్నును నిందింప నవసరము లేదు. హంగరీ దేశీయుడైన లాస్లో బీరో 1938లో పేటెంటు పొందిన ఆ సాధనము కోట్లాది జనులకు మేలు చేసినది. సిరాబుడ్డి అవసరము లేకుండ ఎక్కడనైన వ్రాయవచ్చును. గుండ్రములు నింపవలసిన పరీక్షాపత్రములకు దానినే వాడుమని నియమముండుటయు కలదు. కాని దాని సిరా చిక్కనిది. గోళి దొర్లవలెనన్న వ్రేళ్లతో ఒత్తవలెను. పుటలకొలది వ్రాయు బాలునికి చేయి నొచ్చును. సిరాకలమున సిరా నీటివలె పలుచనిది. పాళీ కాగితమును తాకిన చాలును. గుండ్రని మలుపులతో నిండిన తెలుగు అక్షరములకు ఒత్తిడి లేని ఈ నడక ఎంతయో అనుకూలము.

సిరాకలము పట్టినంతనే దస్తూరి చక్కబడునని చెప్పుట సత్యము కాదు. దస్తూరి అభ్యాసమువలన కలుగును. అయితే ఒత్తి వ్రాసిన పాళీ చెడును, వంకరగా పట్టిన సిరా పారదు. తొందరపడి చేయి యానించిన అక్షరము అలుకుకొనిపోవును. కోపపడకయే తప్పును తెలుపు గురువు అది.

సిరా కారుననియు, చొక్కాలు పాడగుననియు తల్లిదండ్రుల ఫిర్యాదు. అది నిజమే. కాని దానికిని కారణము కలదు. కలములో సిరా తరిగినకొలది గాలి హెచ్చును. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను వెలుపలికి త్రోయును. సిరా బాగుగా తరుగక మునుపే నింపుకొని, మొన పైకి ఉండునట్లు జేబున ధరించినచో ఈ బాధ చాలవరకు తొలగును. శాస్త్రపాఠమున చదివిన వ్యాకోచము తన జేబులోనే జరుగుచున్నదని తెలిసిన బాలుడు ఆ పాఠమును మరువడు.

ఇందుకు ఖరీదైన కలము వలదు. వంద రూపాయలలోపు దొరకు కలము చాలును. విలువైన కలము పోవునేమోయను భయము వ్రాతలోని ఆనందమును హరించును. చౌక కలమును బాలుడు నిర్భయముగా విప్పవచ్చును, కడుగవచ్చును, తిరిగి బిగింపవచ్చును. ఒకసారి పాడుచేసి నేర్చుకొనవచ్చును కూడ. పాళీ అరిగినచో పాళీని, నాలుక చెడినచో నాలుకను మార్చుకొనుట పూర్వపు విద్యార్థులు ఎరిగిన పని. చౌకయైనది పారవేయదగినదనుట ఈ కాలపు భ్రమ. సిరా అయిపోయినంతనే పెన్నును కిటికీనుండి విసరివేయు చేయి క్రమముగా అన్ని వస్తువులను అట్లే చూడనేర్చును. ఒక చౌక వస్తువును ఏండ్ల తరబడి కాపాడుకొన్న చేతికి పొదుపును, శ్రద్ధయు వేరుగా బోధింప నక్కరలేదు.

ఆదివారమునాటి ఉదయమున పాళీని చన్నీట కడిగి, గుడ్డతో తుడిచి, సిరా నింపి, పాతకాగితముపై తన పేరు ఒకమారు వ్రాసి చూచుకొను విద్యార్థికి ఆ పని పావుగంటకంటె పట్టదు. తడి ఆరకముందు ఆ అక్షరములు మిలమిల మెరయును. ఆ మెరుపు చూచుటకైన ప్రతి విద్యార్థియు ఒక్కమారు సిరాకలము చేతబట్టుట మంచిది.