పండగ సీసాలు, మద్యం దుకాణాలు

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు సంక్రాంతికి కొడవలూరు వచ్చి, భోజనాల దగ్గర ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇంట్లో బీరు తయారు చేసుకునే సరదా ఉన్నవాళ్ళు అక్కడ క్రిస్మస్ ముందు ఒకచోట కలుస్తారట. పన్నెండు మంది అయితే తలా పన్నెండు సీసాలు తెస్తారు. ఎవరు చేశారో, ఏమేమి వేశారో, ఏ రోజున సీసాకెత్తారో ప్రతి సీసా మీదా రాసి ఉంటుంది. అందరివీ ఒక్కొక్కటి తీసుకుని ఇళ్ళకు వెళతారు. పైసా ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. "మామా, వచ్చే పండక్కి మన ఊళ్ళోనూ చేద్దాం" అన్నాడు.

అంతే, ఇల్లు రెండుగా చీలింది. "దూబగుంట ఉన్న జిల్లాలో ఈ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా?" అని ఒక పెద్దాయన గర్జించాడు. "తాగేవాడు ఎలాగూ తాగుతాడు, ఇంట్లో చేసుకుంటే తప్పేమిటి?" అని మరొకాయన. మిత్రులారా, ఈ రెండు మాటలూ తప్పేనని నా వాదన.

మొదటి మాట చూద్దాం. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు కొంగు బిగించింది దేనిమీద? వేలంపాటలో హక్కు కొనుక్కున్న కంట్రాక్టరు ఊరూరా అమ్మించిన సారా ప్యాకెట్టు మీద. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరే ఏర్పాటు మీద. వారి పోరాటం వల్లనే 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి పంచినప్పుడు మా పెద్దాయనకు దూబగుంట గుర్తుకు రాలేదు. మేనల్లుడి సీసా చూడగానే వచ్చింది! త్యాగాన్ని ఇంత చవకగా వాడుకోవడం ఆ తల్లులకు గౌరవం కాదు.

రెండవ మాట. తప్పేమిటంటే, మొదట చట్టం ఒప్పుకోదు. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. పైగా "ఇంట్లో" అనే మాట పలికే హక్కు ఒక్క మగవాడికే ఎవరిచ్చారు? ఆ ఇంటి ఇల్లాలిని అడిగారా?

ఇక ప్రాణభయం మాట. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ రసంలో హాప్స్ పువ్వు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి రెండు వారాలు పులియనిస్తే బీరు. తొందరపడి మూత బిగిస్తే సీసా పగులుతుంది. మనుషుల్ని చంపుతున్నది మిథనాల్ కలిపిన నాటుసారా. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా అలాగే పోయారు. ఆ ప్యాకెట్టు మీద చేసినవాడి పేరు లేదు. మార్పిడి సీసా మీద ఉంటుంది. చేసినవాడు రేపు పొద్దున మళ్ళీ ఎదురుపడి జవాబు చెప్పుకోవాలి. అసలు తేడా అదే.

బ్రిటన్ 1963లోనే సొంతానికి చేసుకునే బీరుకు లైసెన్సు అక్కరలేదంది. అమెరికా 1978లో చట్టం చేసి, ఏడాదికి ఒక్క పెద్ద మాత్రమే ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి పెద్దలున్న ఇంటికి 200 గ్యాలన్లు అని హద్దు పెట్టింది. అమ్మడం మాత్రం కూడదంది. మనకు సరిగ్గా తలకిందులు. అమ్మితే లైసెన్సు, పంచితే కేసు!

దీనికి నాకు తోచిన దారి ఒకటుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. కొడవలూరు ఆ ప్రాంతంలో లేదు. ఆ అధికారం మా గ్రామసభకు మాత్రం ఎందుకు ఉండకూడదు? ఊళ్ళో దుకాణం ఉండాలా, ఇంట్లో అమ్మకానికి కాని సీసా ఉండవచ్చా అనే రెండు ప్రశ్నలనూ ఒకే రోజున, స్త్రీలు నిండుగా కూర్చున్న సభలో అడగండి. రెంటికీ వద్దంటే రెండూ వద్దు. ఆ తీర్పుకు మొదట తలవంచేవాణ్ణి నేనే. ఒకదాన్ని అడగకుండానే తెరిచి, రెండవదాన్ని అడగకుండానే నేరమనడం మాత్రం నీతి కాదు, ఖజానా లెక్క.

అంతవరకూ ఒక్క సీసా కూడా వద్దని మేనల్లుడికి చెప్పాను. ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటినుంచి అరిసెల గిన్నెలు వీధంతా వెళ్ళాయి. ఒక్కటీ ఖాళీగా తిరిగి రాలేదు. మార్పిడి అంటే మాకు తెలియనిదా? రోడ్డుమీది మద్యం దుకాణం ముందు జనం మాత్రం రాత్రిదాకా తగ్గలేదు. అదంతా చట్టబద్ధమే.

మీరేమంటారు?