పూలు సల్లినోళ్లు పోయిండ్రు, పది మంది మిగిలిండ్రు

2019 డిసెంబర్ 6 పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి బ్రిడ్జి కాడ జనం పోలీసుల మీద పూలు సల్లిండ్రు. పటాకులు కాల్చిండ్రు, మిఠాయిలు పంచిండ్రు. దిశను పాడు చేసి చంపిన కేసుల అరెస్టయిన నలుగురు ఆ పొద్దున్నే పోలీసు తూటాలకు సచ్చిపోయిండ్రు. అప్పుడు బడికి పోయే పిల్లలు ఇయ్యాల కానిస్టేబుల్, ఎస్సై కొలువు కోసం గ్రౌండ్ల ఉరుకుతున్నరు. అందుకే ఆ ముచ్చట మళ్ల తీస్తున్న.

ఆ పూల కింద ఒక సంగతి కప్పుకపోయింది. నవంబర్ 27 రాత్రి బిడ్డ ఇంటికి రాలేదని ఇంటోళ్లు స్టేషన్‌కు పోతే, ఇది మా ఏరియా కాదని ఇంకో స్టేషన్‌కు తోలిండ్రు. ఆ తప్పుకు ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేసిండ్రు. ఏరియా ఏదైనా ఫిర్యాదు రాసుకోవాలె, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు. నేరం జరిగినట్టు కనబడితే కేసు రాయాల్సిందేనని లలితా కుమారి కేసుల సుప్రీంకోర్టు 2013లనే చెప్పింది. ఆరేండ్లయినా ఆ మాట స్టేషన్ గడప ఎందుకు తొక్కలే?

చెప్పేది కష్టం కాదు. నెల మీటింగుల పైసారు "కేసులెందుకు పెరిగినయ్" అని గరమైతే, కింద ఎస్సై కేసు రాయకుండ ఉండుడే తెలివి అనుకుంటడు. పైసారు ఏం అడుగుతడో కింద అదే నడుస్తది. రూల్ బుక్కు బీరువల ఉంటది. స్టేషన్‌ల నీతి అనేది కుర్చీల కూసున్న ఆఫీసర్ అడిగే ప్రశ్నల కాడనే మొదలైతది.

ఇగ ఎన్‌కౌంటర్ సంగతి. నలుగురిల ఇద్దరు పిస్తోళ్లు గుంజుకొని కాల్చిండ్రు, మమ్మల్ని మేం కాపాడుకునేందుకు కాల్చినం అని పోలీసులు చెప్పిండ్రు. సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి సిర్పూర్కర్‌తోని కమిషన్ వేసింది. 2022 మేల రిపోర్టు బయటికొచ్చింది. పిస్తోళ్లు గుంజుకున్నరన్నది నమ్మేటట్టు లేదు, చంపాలనే కాల్చిండ్రు అని కమిషన్ తేల్చింది. నలుగురిల ముగ్గురు అప్పటికి మైనర్లే అని కూడ చెప్పింది. పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని సిఫారసు చేసింది. కమిషన్ మాట కోర్టు తీర్పు కాదు, అది గుర్తుంచుకోవాలె. ముందటి సంగతి చూడమని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు అప్పజెప్పింది.

"కోర్టులు ఏండ్లకేండ్లు సాగదీస్తయ్ గదా అన్నా" అని మీరు అడుగుతరు. నిజమే. 2012 డిసెంబర్‌ల జరిగిన నిర్భయ కేసుల ఉరి 2020 మార్చిల పడ్డది. ఆ కోపాన్ని నేను కాదన. అయితే దిశ కేసు కోసం మహబూబ్‌నగర్‌ల ఫాస్ట్‌ట్రాక్ కోర్టు పెట్టాలని అప్పటికే నిర్ణయమైంది. ఆ కోర్టుల ఒక్క సాక్షి నోరు తెరవకముందే అంతా అయిపోయింది. నలుగురిల ఎవరు ఎంత చేసిండ్రు, ఇంకెవరన్న ఉన్నరా అన్నది ఇగ ఎప్పటికీ కోర్టుల తేలదు. దిశకు దక్కాల్సిన తీర్పు కూడ ఆ బ్రిడ్జి కాడనే సచ్చిపోయింది.

ఇప్పుడు ఆ పది మందిని చూడుండ్రి. అండ్ల ఏసీపీ నుంచి కానిస్టేబుల్ దాకా ఉన్నరు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీల అప్పటి ముఖ్యమంత్రి జగన్ తెలంగాణ సర్కారుకు, పోలీసులకు హ్యాట్సాఫ్ చెప్పిండు. మెచ్చుకున్న లీడర్లు మెచ్చుకొని పోయిండ్రు. పూలు సల్లినోళ్లు ఇండ్లకు పోయిండ్రు. హత్య కేసు నడపాలన్న కాయిదం మీద మాత్రం ఆ పది పేర్లే ఉన్నయ్. అండ్ల రేపటి మీ పేరు ఉండొద్దనే నా బాధ.

యూనిఫాం వేసుకోబోయే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక్క కేసు పేరు యాది పెట్టుకోవాలె: ప్రకాశ్ కదమ్ కేసు, 2011. బూటకపు ఎన్‌కౌంటర్ చేసి, పైనుంచి ఆర్డర్ వచ్చింది కాబట్టి కాల్చిన అంటే చెల్లదని సుప్రీంకోర్టు కుండబద్దలు కొట్టింది. ఆర్డర్ ఇచ్చేది నోటి మాటతోని. తుపాకి రిజిస్టర్‌ల సంతకం మాత్రం మీదే.

సక్కగ నడవాలంటే ఏం చెయ్యాల్నో కొత్తగ కనిపెట్టే పని లేదు. ఎస్పీలకు, స్టేషన్ ఆఫీసర్లకు కనీసం రెండేండ్లు ఒక్క కాడ ఉండనియ్యాలని 2006ల ప్రకాశ్ సింగ్ కేసుల చెప్పిండ్రు. ఎందుకంటే పోస్టింగ్ కోసం లీడర్ ఇంటి సుట్టు తిరిగిన ఆఫీసర్ ఆ లీడర్ మాట కాదనలేడు. ఎన్‌కౌంటర్ అయినంక వెంటనే ప్రమోషన్లు, మెడల్స్ ఇయ్యొద్దని 2014ల చెప్పిండ్రు. ప్రతి స్టేషన్‌ల సీసీ కెమెరాలు పెట్టాలని, అవి నడిచేటట్టు చూసే బాధ్యత స్టేషన్ ఆఫీసర్‌దే అని 2020ల చెప్పిండ్రు. మీ మండల స్టేషన్‌ల కెమెరాలు నడుస్తున్నయా? అడుగుండ్రి. అడిగే హక్కు మీకున్నది.

ఫిర్యాదు తీసుకోకపోతే వాపస్ రాకుండ్రి. ఏ స్టేషన్‌ల ఇచ్చినా తీసుకోవాలని కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173 సెక్షన్ చెప్తది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉత్తగనే ఇయ్యాలె. కాదంటే ఎస్పీకి పోస్టుల పంపుండ్రి, ఆడ కూడ కాకపోతే మెజిస్ట్రేట్ కాడికి పోవచ్చు. ఆడోళ్ల మీద అత్యాచారం అసొంటి ఫిర్యాదును రాసుకోని పోలీసుకు బీఎన్‌ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు పడ్తది.

ఆఫీసర్లకు కూడ ఒక్క మాట. వచ్చే నెల మీటింగుల "కేసులెన్ని తగ్గినయ్" అని కాకుండ "రాత్రిపూట వచ్చినోళ్లను ఎవరినన్న మర్లగొట్టిండ్రా" అని మొదలు అడుగుండ్రి. నవంబర్ 27 రాత్రి అడగాల్సిన ప్రశ్న అదే ఉండే.